వాకిలి లేని పెట్టె

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే పులి కూడా దారి తప్పేంత పెద్దదండీ, జంతువులన్నిటికీ కలిపి ఒకటే మడుగు. దానికో మట్టికట్ట. కట్ట ఎక్కడ కారినా చూసినవాళ్ళు పరుగున వచ్చి అడవి మండలికి చెప్పేవాళ్ళు. మండలి ఆజ్ఞ ఇస్తే అడవిదున్నలు వెళ్ళి పూడ్చేవి.

మండలి అధ్యక్షుడు ఏనుగు భద్రయ్య. చెవులు చాటలంత ఉన్నాయి గానీ వినే అలవాటు మాత్రం లేదు.

"పొద్దస్తమానం ఈ గోలేమిటయ్యా!" అని కార్యదర్శి ఎలుగుబంటి మీద విసుక్కున్నాడు.

"యాప్ పెట్టిద్దాం సార్. ఇకనుంచి ఫిర్యాదంటే యాప్‌లోనే. నోటిమాట చెల్లదని ఉత్తర్వు ఇచ్చేద్దాం."

యాప్ చెయ్యడానికి నెమలి శిఖామణిని పిలిపించారు. ఆయన పురి విప్పి నిలబడితే చాలు, ఏం చదివావని అడిగే మొనగాడు అడవిలో లేడు.

"కంటైనర్‌లో పెట్టి ఇస్తాను సార్," అన్నాడు శిఖామణి. "ఏ సర్వర్ మీద పెట్టినా ఒకేలా నడుస్తుంది. నాదీ పూచీ."

కంటైనర్ అంటే బ్రహ్మవిద్యేం కాదు లెండి. యాప్‌నీ దానికి కావలసిన సరంజామానీ కలిపి సర్దిన పెట్టె. ఒకటే మెలిక. బయటివాళ్ళ మాట లోపలికి చేరాలంటే పోర్టు అనే వాకిలి తెరవాలి. పెట్టెను నడిపించేటప్పుడే తెరవాలి. మరిచిపోతే ఆపి, మళ్ళీ మొదలుపెట్టుకోవాలి.

కొంగ సిద్ధాంతి ముహూర్తం పెట్టాడు. గుహలో ఉన్న సర్వర్‌కి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, దండ వేశారు. అధ్యక్షులవారి ఉపన్యాసం సాగి సాగి ఘడియలు దాటిపోయేలా ఉంది.

"కానివ్వు బాబూ, కానివ్వు! వర్జ్యం వచ్చేస్తోంది!" అని సిద్ధాంతి అరిచాడు.

ఆ కంగారులో శిఖామణి పెట్టెను నడిపించేశాడు. వాకిలి సంగతి మరిచాడు. సరిచూడటం కూడా ఎలా చూశాడనుకున్నారు? పెట్టె లోపలికే దూరి, లోపలినుంచే ఒక ఫిర్యాదు పంపి, లోపలే అందుకుని, "అద్భుతంగా పనిచేస్తోంది!" అన్నాడు. గుహ దద్దరిల్లేలా చప్పట్లు.

వారం తిరక్కుండానే కట్టకు కన్నం పడింది. చుక్కమ్మ అనే దుప్పి చూసింది. చుక్కమ్మకు పాలు తాగే పిల్ల ఉంది. మడుగు ఎండితే కొండ అవతల వాగుకి పోవాలి. దారంతా చిరుతలు. పిల్లకి కాళ్ళింకా కుదురుకోలేదు. గిట్టతో మట్టి తోసి చూస్తే కన్నం ఇంకాస్త పెద్దదైంది. ఫోన్ తీసి యాప్ తెరిచింది. తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది.

కార్యదర్శి దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, కట్ట కారిపోతోంది!"

"యాప్‌లో పెట్టావా?"

"వెళ్ళడం లేదయ్యా."

"నాకు ఒక్క ఫిర్యాదూ రాలేదే! అడవంతా సుఖంగా ఉంటే నీ ఒక్కదానికే వచ్చిందా కష్టం?"

"వెళ్ళడం లేదు గనకే కదయ్యా మీకు రావడం లేదు!"

"ఆ ముక్క కూడా యాప్‌లోనే పెట్టమ్మా," అన్నాడు ఎలుగుబంటి, తేనెపట్టు నాకుతూ.

అయినా అనుమానం వచ్చి శిఖామణిని పిలిచాడు. శిఖామణి చూసుకుని పురి ముడిచాడు.

"సార్, వాకిలి తెరవలేదు. ఒక్క క్షణం ఆపి..."

"ఆపుతావా? ముహూర్తంలో మొదలైనదాన్ని? ఒక్క ఫిర్యాదూ లేని అడవని పక్కడవివాళ్ళు అధ్యక్షులవారికి సన్మానం చేస్తున్నారయ్యా. శాలువా కూడా తెచ్చేశారు!"

"మరి చుక్కమ్మ?"

"దాని ఫోన్ పాతది," అని చుక్కమ్మ వింటుండగానే తేల్చేశాడు ఎలుగుబంటి.

సన్మానమైంది. భద్రయ్య కొత్త శాలువాతో, ఫొటోలకి తొండం పైకెత్తి, కిందకి చూడకుండా జలకాలాటకు మడుగులోకి దిగాడు. నీళ్ళెక్కడివి? అంతా బురద. పొట్టదాకా దిగబడిపోయాడు.

"లాగండ్రా!" అని దున్నల మీద అరిచాడు.

"నోటిమాట చెల్లదండయ్యా," అంది దున్నల పెద్ద, తాపీగా నెమరేస్తూ. "ఉత్తర్వు తమదే. యాప్‌లో రానివ్వండి."

భద్రయ్య తొండంతో ఫోన్ పట్టుకుని నొక్కాడు. చక్రం తిరిగింది.

"ఒరే శిఖామణీ!"

"లోపల్నుంచి భేషుగ్గా ఉంది సార్!" అని గుహలోంచి కేక.

"ఆపి వాకిలి తెరవరా!"

"సిద్ధాంతిగారిని అడిగాను సార్. మూఢం వెళ్ళేదాకా మంచి ఘడియ లేదట!"

అప్పటికి చుక్కమ్మ పిల్లను వెంటేసుకుని గట్టుమీదికి వచ్చింది.

"చక్రం తిరుగుతోందా అయ్యగారూ?"

"తిరుగుతోందమ్మా," అన్నాడు భద్రయ్య దీనంగా.

"అయితే తమ ఫోన్ కూడా పాతదే," అని చుక్కమ్మ దున్నల వైపు తిరిగింది. "ఇక్కడ తాగడానికి మీకూ ఏం మిగల్లేదు గదన్నా. వాగు దాకా తోడు రారూ? పిల్లను మీ మధ్యలో నడిపిస్తాను."

"ఇది ఫిర్యాదు కాదు గదా, నోటితో అడిగినా పర్లేదు. పద తల్లీ," అంది దున్నల పెద్ద. మంద కదిలింది. దాని వెనకే అడవీ కదిలింది. చిరుతలు పొదల్లోంచి చూసి ఊరుకున్నాయి.

గుహలో పసుపు రాసిన సర్వర్ ఇంకా నడుస్తూనే ఉంది. తెరమీద పెద్ద అక్షరాలు: నేటి ఫిర్యాదులు, సున్నా.

నీతి ఏమిటంటే: జనం సుఖంగా ఉన్నారని పేరు రావాలంటే, చెవిని పెట్టెలో పెట్టి మంచి ముహూర్తాన మూత వేసెయ్యాలి.