మొదటి పేజీ లెక్కలోకి రాదు

యుద్ధమంటే బెదిరిపోయేవాళ్లంతా చేతిలో ధర్మగ్రంథం లేనివాళ్లే! చేతిలో గీత, కింద ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీ నాచారంలో... ఈ మూడూ కుదిరితే యుద్ధమంత తేలికైన పని లోకంలో ఇంకొకటి లేదు. అనుమానం ఉన్నవాళ్లు గోవర్ధన రెసిడెన్సీ అపార్ట్‌మెంట్ అధ్యక్షుడు కనకరాజును చూసి నేర్చుకోవాలి.

కనకరాజు తణుకు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు సర్కారు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాడు. ఆ ముప్పై ఏళ్లలో ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు. అంతటి సాధువు, సరిహద్దులో కాల్పులు మొదలైన వారం, సెల్లార్‌లో ప్రతి శనివారం సాయంత్రం జరిగే గీతా పారాయణంలో లేచి నిలబడ్డాడు. కృష్ణుడు లేచి విల్లు పట్టమన్నాడే గాని, కూర్చుని చర్చలు జరపమన్నాడా అని సభను నిలదీశాడు. నిలదీసి, మోకాళ్లు సహకరించక కూర్చున్నాడు.

ఎదురు ఫ్లాటు రాఘవేంద్ర మాస్టారు ఊరుకుంటారా? ఆయనది శాంతిపక్షం. అదే పుస్తకం, అదే పేజీ. ఆ యుద్ధం మనసు లోపల జరిగేదనీ, బాణాలంటే సద్గుణాలనీ ఆయన వాదన. శాంతి గురించి ఆయన మైకు పట్టుకుని ఎంత గట్టిగా చెప్పారంటే, మొదటి అంతస్తు వాళ్లు ఇప్పటికీ ఆయనతో మాట్లాడటం లేదు.

గ్రంథం వల్ల లాభాలు అన్నీ ఇన్నీ కావు. ఆరు నెలలుగా లిఫ్టు నడవడం లేదని ఎవరో అడిగితే, ఫలితం ఆశించరాదన్నాడు కనకరాజు. నీళ్ల ట్యాంకర్ రాలేదని ఇంకొకరంటే, సుఖదుఃఖాలను సమంగా చూడమన్నాడు. ఇంత సౌకర్యం ఏ అసోసియేషన్ రూల్స్‌లో ఉంది, చెప్పండి!

ఆ అపార్ట్‌మెంట్‌లో గీత చదవని ఇల్లు ఒక్కటే. లిఫ్టు పక్క గదిలో ఉండే కౌసల్యమ్మది. జనగామ వైపు మనిషి. మెట్లు ఊడుస్తుంది, మోటారు వేస్తుంది, పారాయణానికి కుర్చీలు వేస్తుంది. కొడుకు తిరుపతి మిలిటరీలో జవాను. నెల సెలవు మీద వచ్చినవాణ్ణి ఐదో రోజే వెనక్కి రమ్మని ఫోన్ వచ్చింది.

వెళ్లే రోజు సంఘం తరఫున కనకరాజు శాలువా కప్పాడు. శాంతి మీద మాస్టారు నాలుగు ముక్కలు చెప్పారు. ఫొటోలు గ్రూపులో పెడితే నలభై మూడు మంది చేతులు జోడించిన బొమ్మలు పంపారు. సెల్లార్‌లో పదిహేడు కార్లున్నాయి. తిరుపతి షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ మెట్రోకు పోయాడు. శాలువా బ్యాగులో పట్టక తల్లికి ఇచ్చిపోయాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఫోన్ లేదు. కౌసల్యమ్మ ఫోనును కొంగున ముడేసుకునే మెట్లు ఊడ్చింది.

ఆ తొమ్మిదో రోజు మళ్లీ శనివారం. వాదన తెగలేదు. చివరికి కనకరాజే ఉపాయం చెప్పాడు, ప్రశ్న చూద్దామని. ఏదీ ఎటూ తేలనప్పుడు పెద్దవాళ్లు కళ్లు మూసుకుని పుణ్యగ్రంథం తెరిచి వేలు పెట్టేవాళ్లు. వేలి కింద ఏది పడితే అదే దేవుడి మాట. యుద్ధమా, శాంతా, దీపాలు పెట్టే వేళకు తేలిపోతుంది. ఢిల్లీలో ఇంతమంది అధికారులుండి ఒక్కరికీ ఈ సంగతి తోచకపోవడం దేశ దౌర్భాగ్యం!

కానీ వేలు ఎవరిది? కనకరాజు వేలు యుద్ధం వైపు వాలుతుందని మాస్టారికి అనుమానం. మాస్టారి వేలు మీద కనకరాజుకూ అంతే. ఏ పక్షమూ లేని వేలు కావాలి. ఇద్దరి చూపూ ఒకేసారి కౌసల్యమ్మ మీద పడింది.

"నాకేం తెల్వది సారూ," అంది. వినరని తెలిసి, "జర చెయ్యి కడుక్కొనొస్త," అంది.

కడుక్కుని వచ్చి, పుస్తకం కళ్లకద్దుకుని, కళ్లు మూసుకుంది. అలవాటున్నవాళ్లు ప్రశ్నకు పుస్తకం మధ్యలో తెరుస్తారు. కౌసల్యమ్మకు ఆ పద్ధతి తెలియదు. తలుపు తీసినట్టు పై అట్ట తీసి వేలు పెట్టింది.

వేలి కింద ఒక పిల్లవాడి ఫొటో.

ఇంట్లో ఎవరైనా పోతే పెద్దకర్మకు వాళ్ల పేరు మీద గీత అచ్చు వేయించి పంచడం మనకు మామూలే. పారాయణంలో చదివే పుస్తకాలన్నీ అలాంటివే. ఫొటో కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, జ్ఞాపకార్థం అని అమ్మానాన్నల పేర్లు. మాస్టారు వంగి చూసి లెక్క కట్టారు, ఇరవై నాలుగేళ్లని. ఎలా పోయాడో రాయలేదు.

"ఇది లెక్కలోకి రాదు," అన్నాడు కనకరాజు.

రాదన్నారు మాస్టారు కూడా. యుద్ధం మొదలైన తర్వాత వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. శ్లోకం కాదు గనుక మళ్లీ పెట్టమన్నారు.

కౌసల్యమ్మ వేలు తియ్యలేదు. "ఈ పిలగాడు ఎవరి కొడుకు సారూ?"

కనకరాజు తెలియదన్నాడు.

"మరి బుక్కులు ఎవరిచ్చిన్రు?"

నాలుగేళ్ల కిందట రామంతాపూర్‌లో, ఒక గుడి ముందు, ఒకావిడ రెండు చేతులతో అందించింది. మొదటి పేజీ చూసి అప్పుడు చదువుకోండి బాబూ, అంది. పారాయణానికి పనికొస్తాయి, ఇంకో పదిహేను ఇవ్వండమ్మా, అన్నాడు కనకరాజు. ఆవిడ ఇచ్చింది. ఇదంతా ఆయనకు గుర్తొచ్చింది గాని, ఎవరో ఇచ్చారులే అన్నాడు.

"మావోడికి గూడ ఇరవై నాలుగే," అంది కౌసల్యమ్మ. పుస్తకం మూసింది. "నేనైతే మల్ల ఏలు వెట్ట సారూ. గంతగనం జూడాల్నంటే మీ తేజేష్ బాబుతోని వెట్టియ్యుండ్రి."

తేజేష్ కనకరాజు కొడుకు. పోచారంలో సాఫ్ట్‌వేర్. అటూ ఇటుగా అదే ఈడు.

"వాడెందుకు ఇందులోకి? వద్దు," అన్నాడు కనకరాజు. శ్లోకమేదీ చెప్పకుండా ఆయన వద్దన్నది ఆ నెలలో అదొక్కసారే.

ఫలితం తేలలేదని మినిట్స్‌లో రాసుకున్నారు. మూడు రోజులకు కాల్పులు ఆగాయి. ఏ గ్రంథం చూసి ఆపారో తెలియదు! తిరుపతి ఫోన్ చేశాడు. తిన్నవా బిడ్డా అని అడిగింది తల్లి. ఆ ప్రశ్నకు శాస్త్రంలో ఆధారం ఏమిటో ఆమె చూపించలేదు.

కనకరాజు ముందుచూపున్న మనిషి. ఇకమీదట ఎవరి వేలూ దారి తప్పకుండా పుస్తకాలన్నిటికీ మొదటి పేజీ మీద తెల్లకాగితం అంటించాడు. పదహారు పుస్తకాల్లో పదిహేనే దొరికాయి. పదహారోది లిఫ్టు పక్క గదిలో, శాలువాలో చుట్టి ఉంది.

యుద్ధం చెయ్యమని ఎక్కడుందో ఆయన్ను ఎప్పుడైనా అడగండి, అధ్యాయంతో సహా చెబుతాడు. వద్దని ఎక్కడుందో మాస్టారు చెబుతారు. ఆ కాగితం కింద ఎవరి పేరుందని మాత్రం అడక్కండి.

అది లెక్కలోకి రాదు.