సార్జెంటు సామ్యూలుకు రెక్కలు

ఎనభై ఆరు డిసెంబరులో ఓ పొద్దున ఆశీర్వాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. బాపట్లలో పాసింజరెక్కి, తెనాలి ఆసుపత్రిలో ఉన్న అన్నయ్య యాకోబుకు పాత బొమ్మల పుస్తకాలు చూపించి, సాయంత్రానికి ఇల్లు చేరడం. అవి చిన్నప్పుడు ఓ అమెరికా మిషను దొరగారు వెళ్తూ వెళ్తూ అన్నదమ్ములకిచ్చినవి. వాటిలో సార్జెంటు సామ్యూలనే యూదు సిపాయి విమానంలోంచి పారాచూట్‌తో దూకి హిట్లరు సైన్యాన్ని చితక్కొట్టేవాడు. "చివరికి వాడు ఇంటికి చేరాడంటావా? గుర్తు రావట్లేదురా, ఒక్కసారి చూపించు," అన్నాడు యాకోబు, కిందటిసారి చూడ్డానికెళ్ళినప్పుడు. డాక్టర్లు ఆశ వదిలేసిన మనిషి, అడిగింది అదొక్కటే.

ట్రంకుపెట్టె తెరిస్తే పుస్తకాల్లేవు.

"రిబ్కా! నా బొమ్మల పుస్తకాలేవీ?"

"మా చెల్లి దేవకుమారికిచ్చానండి, రేపల్లెలో సండేస్కూలుకి. బైబిలు కథలేగా?"

"బైబిలేంటే! యుద్ధం కథలవి!"

"అట్ట మీద దావీదు నక్షత్రం ఉంది. పేరేమో సామ్యూలు. ఇచ్చింది దొరగారు. ఇంకేమనుకోమంటారు?"

ఇంగ్లీషు రాని ఇల్లాలు అంతకంటే ఏమనుకుంటుంది పాపం! ఆశీర్వాదం స్టేషనుకు పరిగెత్తాడు. తెనాలిలో రైలు మారాడు గానీ, ఒట్టి చేతులతో అన్నయ్య మొహం చూడలేక ఆసుపత్రి వైపు వెళ్ళలేదు.

రేపల్లె చర్చికి చేరేసరికి కొంప మునిగే ఉంది. దేవకుమారి పుస్తకాలన్నీ కత్తిరించి, మైదా ఉడికించి, క్రిస్మస్‌కని గోడ నిండా అంటించేసింది. పారాచూట్లతో దిగుతున్న సిపాయిలందరికీ దూది రెక్కలు పెట్టింది. వాళ్ళ తుపాకులు ఆ దూది కిందకి పోయాయి.

"ఆఖరి పేజీ ఏదమ్మా?"

"అదిగో బావగారూ, ఆ మూల. వెనకవైపు దూత బొమ్మ బావుందని అది పైకొచ్చేలా అంటించా."

అంటే కథ ముగింపు గోడకు అతుక్కుపోయింది! ఆశీర్వాదం గోళ్ళతో గీకాడు. కాగితం పీలికలై చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "అయ్యో, దేవదూతల్ని చింపేస్తున్నాడు!" సంఘపెద్ద లూకా పరుగున వచ్చి జబ్బ పట్టుకున్నాడు.

"దూత కాదండీ, మిలిటరీ వాడండీ!"

"పట్టపగలే తాగొచ్చావా ఏంటయ్యా?"

ఆ గొడవలోనే గుమ్మం ముందు రిక్షా ఆగింది. ఇంక ఇంటికి తీసుకెళ్ళిపోండని ఆసుపత్రివాళ్ళు పంపేస్తే, యాకోబు కూతురు కరుణ తండ్రిని సొంతూరు రేపల్లె తెచ్చి, ముందు ప్రార్థన చేయిద్దామని చర్చికి తీసుకొచ్చింది. గోడ ఎదురుగా చాప మీద పడుకోబెట్టారు.

ఆశీర్వాదం కాగితం పీలికలతో పక్కన కూలబడ్డాడు. దుఃఖం ఆగలేదు. "అన్నయ్యా, ఆఖరి బొమ్మ పాడైపోయింది. నీకు చూపించలేకపోయాను."

యాకోబు గోడ వంక చాలాసేపు చూశాడు. తర్వాత, ఇంట్లోవాళ్ళు ఎప్పుడో మర్చిపోయిన నవ్వు నవ్వాడు. "ఒరేయ్, సామ్యూలుకి రెక్కలెవర్రా పెట్టింది?"

"మా మరదలు."

"అయితే ఇంటికి చేరాడంటావా?"

"రెక్కలున్నోడు చేరకేం అన్నయ్యా."

యాకోబు కళ్ళు మూసుకున్నాడు. తెల్లారేసరికి పోయాడు.

సమాధి దగ్గర పాస్టరుగారు, యాకోబును దేవదూతలు దిగొచ్చి తీసుకెళ్ళారని గద్గదంగా చెప్పారు. ఆ దూతల దగ్గర తుపాకులున్న సంగతి ఆశీర్వాదం ఎవరికీ చెప్పలేదు.