మా బోరులో సముద్రం

బోరులో ఉప్పునీళ్లు పడని ఇల్లాలిని చూస్తే నాకు జాలి. పాపం, ఆమె కూరలో ఉప్పు చూసుకోవాలి, చారులో చూసుకోవాలి, పరధ్యానంగా రెండుసార్లు వేసేస్తే ఇంటిల్లిపాదితో మాటలు పడాలి. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊరి ఆడవాళ్లకు ఆ బాధ లేదు. మోటారు స్విచ్చి వేస్తే చాలు, సగం వంట అయిపోయినట్టే!

ఏదో అక్కసుతో అంటున్నానని అనుకునేరు. నెల్లూరులో డిగ్రీ చదివే రోజుల్లో నాది భూగోళశాస్త్రం. నీటి చక్రం బొమ్మ నాకంటే బాగా వేసేవాళ్లు క్లాసులో లేరు. సముద్రపు నీళ్లు ఆవిరై, మబ్బయి, వానై, ఏరై, మళ్లీ సముద్రంలో కలవాలట. ఎంత చుట్టుతిరుగుడు వ్యవహారం! పైగా ఈశాన్య రుతుపవనాలు దయతలిస్తే గానీ చుక్క రాలదు.

మా ఊరు ఆ చక్రాన్ని సంస్కరించుకుంది. సముద్రంలోంచి కాలువలోకి, కాలువలోంచి రొయ్యల గుంటలోకి, గుంటలోంచి నేలలోకి, నేలలోంచి మా బోరులోకి, బోరులోంచి మా టీ గ్లాసులోకి. మధ్యలో మబ్బుతో పనే లేదు.

లాభాలు చెప్పమంటారా? సబ్బు నురగ రాదు. నురగ రాని సబ్బు అరగదు. మా బాత్రూములో ఉన్న సబ్బు నా తర్వాత నా కోడలికి చెందుతుంది. గొంతునొప్పి అనే మాట ఊళ్లో వినపడదు, మంచినీళ్లు తాగిన ప్రతిసారీ పుక్కిలించినట్టే కదా! కరివేపాకు చెట్టు ఎండిపోయింది కాబట్టి దానికి నీళ్లు పోసే పని తప్పింది. ఇక చుట్టాలంటారా, గ్లాసు నీళ్లు నోట్లో పోసుకోగానే వాళ్లకు బస్సు టైము గుర్తొస్తుంది. అతిథి మర్యాదలకు ఇంతకు మించిన సదుపాయం టౌనులో ఎక్కడుంది?

ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు కూడా ఉందండోయ్. ఈ ఉప్పును వడగట్టలేక వేసవి మొదట్లోనే ఆగిపోయింది. బాగుచేసే మనిషి వస్తాడు వస్తాడు అంటున్నారు. రుతుపవనాల్లాగే ఆయనకూ ఒక సీజను ఉంటుంది కాబోలు.

ఇన్ని సుగుణాలున్న నీళ్లు మా ఇంట్లో ఒక్కరికే పడలేదు. మా అత్త రెబెక్కమ్మకు.

ఆమెకు బీపీ. ఉప్పు తగ్గించమన్నాడు నెల్లూరు డాక్టరు. మా అత్త మాటంటే మాటే. ఉప్పుచేప మానేసింది, ఊరగాయ మానేసింది, అప్పడం వైపు చూడటం మానేసింది. నేను చారులో చిటికెడు ఉప్పు కూడా వేయడం లేదు. మళ్లీ వెళ్లి చూపిస్తే బీపీ ఇంకా పైకి పోయింది. డాక్టరు కళ్లద్దాల మీదుగా చూసి, దొంగతనంగా ఊరగాయ తింటున్నారు కదా అన్నాడు. వరండా నిండా జనం. చర్చిలో స్త్రీల కూటానికి పెద్ద మా అత్త, అబద్ధం మహాపాపమని పదిమందికీ చెప్పే మనిషి.

మా ఆయన హెబ్రోను అక్కడ పల్లెత్తు మాట అనలేదు. ఇంటికొచ్చి ఆవకాయ జాడీ తీసి అటక మీద పెట్టాడు. అంతే. ఆ వారమంతా తల్లి కొడుకుతో మాట్లాడలేదు, గోడతో మాట్లాడింది.

"నా చేత్తో పెట్టిన ఆవకాయ నేనే దొంగతనం చెయ్యాల్నా?"

నీళ్ల మీద నాకు అనుమానం రాకపోలేదు. అన్నాను కూడా. ఊరంతా ఇవే తాగుతోంది కదా అన్నాడు మా ఆయన. నిజమే. ఊరంతటికీ ఉన్నదాన్ని కష్టం అనకూడదు, పద్ధతి అనాలి.

మే నెల ఎండల్లో మా ఇంటి ముందు నుంచి రోజూ ఒక ట్యాంకరు పోవడం మొదలైంది. మా పెరటి వెనక రొయ్యల గుంటలు వేసిన కిషోర్ బాబు దాని వెంట బైకు మీద వస్తుంటే, అరుగు మీద కూర్చున్న మా అత్త ఆపి, అందులో ఏముందని అడిగింది. మెట్ట బోరు నుంచి తెప్పిస్తున్న మంచినీళ్లన్నాడు.

"ఎండకి గుంటలో నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మాత్రం అట్నే నిలిచిపోతా ఉండాది పెద్దమ్మా. పిల్లరొయ్యలు తట్టుకోలేవు. మంచినీళ్లు కలపాల."

"అంత దూరం నుంచి ఎందుకు నాయనా? మా బోరు నీళ్లు పట్టుకోరాదా?"

"ఆ నీళ్లా? చచ్చిపోతాయి పెద్దమ్మా."

మా అత్త గుమ్మం వైపు తల తిప్పింది. లోపల కూర్చుని పేపరు చదువుతున్న కొడుక్కు వినపడేలా, నిదానంగా అంది:

"అయితే రొయ్యలకీ బీపీ వచ్చినాదన్నమాట. వాటిని ఎవురూ ఊరగాయ దొంగలని అన్లేదు గదా?"

కిషోర్ బాబు తలెత్తలేదు. మర్నాటి నుంచి ట్యాంకరు మా గుమ్మం ముందు ఆగి రెండు బిందెలు నింపి పోతోంది. ఆ నీళ్లు మా అత్త తాగడానికి, ఆమె వంటకు. నెల తిరిగాక బీపీ దిగింది. ఊరగాయ మానేశారన్నమాట, మంచిది, అని మెచ్చుకున్నాడు డాక్టరు. మా అత్త ఆయన్ను చూడలేదు, హెబ్రోనును చూసింది. ఇంటికి రాగానే ఆయనే అటకెక్కి జాడీ దించాడు.

కాబట్టి పెద్దలకు నా మనవి ఒక్కటే. మనుషులకు మంచినీళ్లివ్వండని నేను అడగను, అది పేరాశ. దయచేసి రొయ్యలకివ్వండి. వాటి తర్వాత మేము ఉంటాం.

మొన్న పక్క గుంటలో, రొయ్యల్ని గుంటలకు గుంటలే తుడిచిపెట్టే తెల్లమచ్చ రోగం వచ్చిందని తెలిసింది. రొయ్యలు పోతే ట్యాంకరు రాదు. ఆదివారం ఆరాధనలో రోగుల కోసం ప్రార్థన చేసే వేళ మా అత్త లేచి నిలబడి, కిషోర్ బాబు గుంటలోని పిల్లరొయ్యలన్నిటికీ సంపూర్ణ ఆరోగ్యం దయచేయమని వేడుకుంది.

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.