గడిలో మిగిలిపోయిన నది

ఆ శుక్రవారం పొద్దున గావొలాతే వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా కొత్త లెక్క పై అధికారిణికి చూపించడం, మధ్యాహ్నానికి మొసెట్లా ఊళ్ళో మేనమామ ఇంట దంచిన మాంసం, జొన్న సంకటి ముందు కూర్చోవడం. మౌన్ పట్టణంలో ఒక భూగర్భజలాల ఆఫీసులో అతని పని ఒక్కటే. బొటెటి నది పారితే దాని ఇసుక ఎంత నీటిని తాగుతుంది, ఆ నీరు ఒడ్డు బావుల్లోకి ఎంత ఊరుతుంది అని కంప్యూటరులో లెక్కగట్టడం. నది మొసెట్లా దాకా వచ్చి నాలుగేళ్ళయింది. బావిలో చేద వేస్తే చప్పుడే తప్ప చుక్క రావడం లేదు.

తెర మీద బొమ్మ వచ్చింది. ఒడ్డు పొడవునా నీలం. టీ కప్పు పట్టుకుని డ్రైవరు కెబోనాంగ్ లోపలికి తొంగిచూశాడు.

"ఏంటయ్యా, ఇంత నీలం?"

"బావుల్లో నీళ్ళు. జూలైకి మొసెట్లాలో నిండుతాయంటోంది."

"ఎవరు?"

"కంప్యూటరు."

కెబోనాంగ్ టీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ పూట అతను పైపులు చేరవేయాల్సింది మొసెట్లా మీదుగానే.

అధికారిణి ఆ రోజంతా మీటింగుల్లో ఉండిపోయింది. గావొలాతే ఆమె కోసం కాచుకుని కూర్చున్నాడు. సంకటి అందలేదు. మూడో రోజున మేనమామ రామొలెఫె ఫోను చేశాడు.

"అల్లుడూ, మెడలోతు వస్తుందటగా!"

"ఏమిటి మావయ్యా?"

"నది! పాస్టరు గారు బాప్తిస్మాలన్నీ జూలైకి మార్చేశారు. పక్కింటి దీకెలెడి పాత పడవకి తారు పూస్తోంది. అందులో గుడ్లు పెట్టే కోళ్ళే బయటికి రామంటున్నాయి."

గావొలాతే నవ్వాడు. అంతలో గుర్తొచ్చింది. "మరి ఈ వారం మీ ఊరికి రావాల్సిన బోరు వేసే బండి వచ్చిందా?"

"వచ్చింది. మాకు నది వస్తోంది, పాపం పక్క ఊరికి వెయ్యండని మన ఊరిపెద్ద పంపేసింది. నీ పేరు చెప్పే పంపింది. అందరం చప్పట్లు కొట్టాం!"

గావొలాతే ఫోను పెట్టేశాడు. ఫైలు తెరిచి ఒక్కో గడీ చూసుకుంటూ పోయాడు. నది మట్టం వేయాల్సిన గడిలో, ఎప్పుడో పరీక్ష కోసం వేసిన నిండు వరద అంకె ఏడాది పొడవునా అలాగే ఉండిపోయింది. నదిలో నీళ్ళు అయిపోతాయన్న సంగతి కంప్యూటరుకు తెలియదు. మట్టం ఇంత అంటే అంతే. కింద ఇసుక ఎంత పీల్చినా నది పోస్తూనే ఉంటుంది. గడిచిన నాలుగేళ్ళ అసలు మట్టాలు వేసి మళ్ళీ లెక్క నడిపితే, ఒడ్డు పొడవునా ఎరుపు.

మర్నాడే వెళ్ళి ఊరి సభలో నిలబడ్డాడు.

"తప్పు నాది. నది వస్తుందని నా లెక్క చెప్పలేదు. వచ్చిందనుకుంటే ఏమవుతుందో చెప్పింది. అది కూడా తప్పుగా చెప్పింది."

పాస్టరు లేచి, "చూశారా, ఎంత వినయమో!" అన్నాడు.

"జీతం పెంచలేదేమో, అలిగాడు బిడ్డ," అంది దీకెలెడి.

ఊరిపెద్ద మాత్రం గొంతు తగ్గించింది. "బండి పక్క ఊళ్ళో దిగిపోయింది నాయనా. ఇప్పుడు నది రాకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? కూర్చో."

నమ్మినవాడు రామొలెఫె ఒక్కడే. "మా అల్లుడు పదిమందిలో తప్పు ఒప్పుకున్నాడంటే ఊరికే కాదు," అని తన పశువుల మందను పడమటి ఎడారిలో బంధువుల బోరు దగ్గరికి తోలడానికి సిద్ధమయ్యాడు. మధ్యలో ఒకసారి ఆగి, "నది సంగతి ఇంకొన్నాళ్ళు చూద్దామా?" అని అడిగాడు.

"ఆలస్యం చెయ్యకు మావయ్యా, బయల్దేరు," అన్నాడు గావొలాతే.

అక్కడ బోరు ఇంజను చెడిపోయి ఉంది. విడిభాగం వచ్చేలోపు సగానికి పైగా మంద ఇసుకలోనే కూలిపోయింది. గావొలాతే పుట్టినప్పుడు మేనమామ అతని పేరున విడిచిన ఆవు సంతతిలో ఒక్కటీ మిగల్లేదు.

జూలైలో నది వచ్చింది. ఎగువన అంగోలా కొండల్లో కురిసిన వాన అతని ఏ గడిలోనూ లేదు. ఇసుక గటగటా తాగింది, బావులు ఊరాయి. బాప్తిస్మాలు జరిగాయి. దీకెలెడి పడవ నడిమధ్యన మునిగితే, ఆమెను లాగిన కుర్రాళ్ళు ఒడ్డున పడి దొర్లి దొర్లి నవ్వారు. అందరూ గావొలాతేను భుజాలకెత్తుకోబోయారు. అతను తప్పించుకుని మేనమామను వెతుక్కుంటూ వెళ్ళాడు.

రామొలెఫె ఒడ్డున కూర్చుని ఉన్నాడు. తిరిగొచ్చిన కొద్ది పశువులు మోకాలిలోతున నిలబడి తాగుతున్నాయి.

"నీళ్ళు తియ్యగా ఉన్నాయి అల్లుడూ."

"నన్ను తిట్టు మావయ్యా."

"తప్పు లెక్క ఊరంతా నమ్మింది. ఒప్పు లెక్క నేనొక్కణ్ణే నమ్మాను. ఎవర్ని తిట్టమంటావ్?" ఎముకలు తేలిన ఒక ఎద్దు వీపు మీద నీళ్ళు చల్లుతూ అన్నాడు ముసలాయన. "ఆకలేస్తోందా? ఇంట్లో సంకటి ఉంది. మాంసం ఈమధ్య ఎవరమూ తినట్లేదు."

గావొలాతే బూట్లు విప్పి నీళ్ళలోకి దిగాడు. చేసేదేమీ కనిపించక, తనూ ఒక పశువు వీపు కడగడం మొదలుపెట్టాడు.

డిసెంబరులో ఆఫీసువాళ్ళు, మొసెట్లా బావుల నీటిని ముందే చెప్పగలిగినందుకు, గావొలాతే మొదట వేసిన నీలం లెక్కకే ఆ ఏటి ఉత్తమ లెక్క బహుమతి ఇచ్చారు.