విప్పని గొడుగు కేసు

ఒక దేశం యుద్ధం గెలవాలంటే ముందు దాని కుర్రాళ్ళ గొడుగులు అదుపులో ఉండాలి. ఈ సత్యాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు కనిపెట్టింది మా హాంబుర్గ్ యువజన క్రమశిక్షణ కార్యాలయం, గొడుగుల విభాగం. (జుట్టు విభాగం పక్క గదిలో. ఈలల విభాగానికి ఇంకా గది దొరకలేదు, వరండాలో కూర్చునే వింటున్నారు.)

గొడుగు చేసిన పాపమేమిటంటారా? జాజ్ పాటలకు ఎగిరే మా ఊరి కుర్రకారు శత్రుదేశపు ఇంగ్లీషు దొరల్లా జుట్టు మెడమీదికి పెంచి, సన్నగా చుట్టిన నల్లగొడుగు చేతబట్టి ఆల్‌స్టర్ సరస్సు ఒడ్డున షికార్లు కొడతారు. ఎండలోనూ అదే గొడుగు. వానొస్తే తడుస్తారు గానీ విప్పరు. కవాతుకు రమ్మంటే తలనొప్పంటారు. అందుకని నియమం వచ్చింది: వాన పడే రోజున తప్ప గొడుగు పట్టరాదు, వాన పడితే విప్పక ఉండరాదు.

మా అక్క కొడుకు హెన్నింగ్, పదిహేడేళ్ళవాడు, మిట్టమధ్యాహ్నం ఎండలో గొడుగుతో, కార్యాలయం వీధుల్లో తిప్పే గస్తీ పిల్లలకు దొరికిపోయాడు. నేరం రుజువైతే సంస్కరణ శిబిరం. అక్కడికి వెళ్ళొచ్చిన ఎదురింటి కుర్రాడు తలుపు చప్పుడైతే బల్ల కింద దూరుతున్నాడు. హెన్నింగ్ నాన్న యుద్ధంలో ఉన్నాడు కాబట్టి మర్నాడు విచారణకు మేనమామనైన నేను వెంట వెళ్ళాలి. అక్క వాడి కోటు గుండీలు సరిచేసి, "నోరు మూసుకుని ఉండరా, నీకు దణ్ణం పెడతా" అంది.

గొడుగుల విభాగాధిపతి పుట్‌ఫార్కెన్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఎండ కాస్తుంటే గొడుగెందుకోయ్?"

"వానొస్తుందనుకున్నానండి."

"వస్తుందని నీకెవరు చెప్పారు?" ఆయన లేచి నిలబడ్డారు. (యుద్ధకాలంలో వాతావరణ సూచన సైనిక రహస్యం. శత్రు విమానాలకు పనికొస్తుందట.)

"ఎవరూ చెప్పలేదండి. అందుకే రాలేదు."

నేను వాడి తొడ గిల్లాను. అధికారి ఓపిగ్గా వివరించారు. "చూడు బాబూ. వానొచ్చి ఉంటే నీకు రహస్యం తెలిసినట్టు, అంటే గూఢచారివి. రాలేదు కాబట్టి ఇంగ్లీషు కోతివి. ఏది రాసుకోమంటావ్?"

"మూడోది లేదాండీ?"

"ఉంది. మీరంతా చేరి ఎగిరే ఆ గ్రామఫోన్ ఎవరింట్లో ఉందో చెప్పు, ఇంటికెళ్ళిపో."

హెన్నింగ్ నోరు మూసుకున్నాడు. వాడు వాళ్ళమ్మ మాట విన్నది ఆ ఒక్కసారే.

భోజనాల వేళకు కుండపోతగా వాన మొదలైంది. కొత్త టోపీ తడుస్తుందని పుట్‌ఫార్కెన్ గారు సాక్ష్యంగా పెట్టిన గొడుగే తీసుకుని వీధిలోకి దిగారు. అది విచ్చుకోలేదు. విచ్చుకోదు కూడా. సన్నగా కనబడాలని ఈ షోకిలాలు గొడుగును చుట్టూ దారంతో కుట్టేస్తారు. మేం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం, గస్తీ పిల్లలు వచ్చి ఆయన్ని చుట్టుముట్టారు.

"నేనెవరో తెలుసట్రా?"

"తెలీదు తాతా. ముందు గొడుగు విప్పు."

"విచ్చుకోవట్లేదురా!"

"దొరికినోళ్ళంతా అదే మాటంటారు."

హెన్నింగ్ సంతోషం పట్టలేక ఈల వేశాడు. (వరండాలోని వారు రాసుకున్నారు.)

పై అధికారి ఎవరో వచ్చి విడిపించాక, పుట్‌ఫార్కెన్ గారు నీళ్ళోడుతూ తిరిగొచ్చి తీర్పు చెప్పారు. తన పరువూ నియమం పరువూ రెండూ దక్కాలి కదా. "విచ్చుకోని వస్తువు గొడుగు కానేరదు. ఇది కర్ర. కాబట్టి ఇవాళ వీధిలో గొడుగు నేరం జరగలేదు. ఈ కుర్రాడి మీద కేసూ లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. టోపీ అందుకున్నాను.

"కూర్చోండి. ఈ కుర్రాడు ఎవరూ చెప్పకుండానే ఇన్నాళ్ళుగా, ఎండనకా వాననకా, కర్ర చేతబట్టి నడక సాధన చేస్తున్నాడు. సైన్యంలో చేరాలని ఎంత తహతహో!"

"నేను కవాతుకే రానండీ!"

"వినయవంతుడు," అని రాసుకున్నారాయన. నేను ఏవో చట్టాలు వల్లించాను, కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన నన్ను కూడా మెచ్చుకున్నారు.

జుట్టు విభాగం పని ముగించాక హెన్నింగ్‌ను తూర్పు యుద్ధరంగానికి పోయే రైలెక్కించారు. ఆ గుండుతో వాడు పన్నెండేళ్ళవాడిలా ఉన్నాడు. కిటికీలోంచి వంగి, "మామా, గొడుగు తిరిగిస్తే అమ్మకివ్వు. కుట్లు విప్పొద్దను, షోకు పోతుంది," అన్నాడు.

మంచు కరిగేనాటికి వాడు పోయాడన్న కబురొచ్చింది. తర్వాత గొడుగొచ్చింది.

అక్క కుట్లు విప్పలేదు. వానలో దాన్ని చేతబట్టుకుని తడుస్తూ నడుస్తుంది. గస్తీ పిల్లలు ఆపనే ఆపారు. నేను పుట్‌ఫార్కెన్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చాలా బాధపడి, అక్కడికక్కడే నియమం సవరించారు: యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు వానలో గొడుగు విప్పనక్కర్లేదు. ఒక్క కొడుకైనా చాలు.