కత్తెర అమెరికా ప్రయాణం

ఆ ఉదయం కత్తెర వేసుకున్న పథకం చాలా చిన్నది. తమ్ముడి సూట్‌కేసుకు కొత్త జిప్పు వేయించి, అటునుంచి అటే ఎడిటింగ్ స్టూడియోకు వెళ్ళాలి. కొత్త సినిమా ఎడిటింగ్ ఎవరికిచ్చేదీ యజమాని ఇవాళే చెబుతానన్నాడు. ఏళ్ళ తరబడి పెళ్ళి వీడియోలు కోసి కోసి ‘కత్తెర’ అన్న పేరు తెచ్చుకున్న మనవాడికి, దక్కితే అదే మొదటి సినిమా.

తమ్ముడంటే పిన్ని కొడుకు. ఫిల్మ్ కాలేజీలో రెండేళ్ళు చదివి, ఆ చదువును అమెరికా ఫిల్మ్ స్కూలుకు మార్పించుకుని మూడో సంవత్సరంలో చేరబోతున్నాడు. షాట్ ఎక్కడ కోయాలో వాడికి నేర్పింది కత్తెరే. అందుకే కడుపు మండిపోతోంది. “వీసా వచ్చేదాకా ఎవరికీ చెప్పకన్నా, దిష్టి తగులుతుంది” అని ఆ అమాయకుడు ఒక్క అన్నకే చెప్పాడు. హాస్టల్లో నలుగురి కంటా పడకూడదని సూట్‌కేసు కూడా అన్న గదిలోనే పెట్టాడు. ఉన్న దిష్టంతా అక్కడే ఉందని వాడికేం తెలుసు!

కత్తెర ఆ ఖాళీ పెట్టె ఈడ్చుకుంటూ మెట్లు దిగుతుంటే ఇంటి ఓనరమ్మ ఎదురైంది.

“ఎక్కడికయ్యా, ఇంత పెద్ద పెట్టెతో?”

నిజం చెబితే తమ్ముడి గుట్టు బయటపడుతుంది. ఆ సాకు దొరికాక నాలుక ఆగలేదు. “అమెరికాకండీ. ఫిల్మ్ స్కూల్లో సీటొచ్చింది.”

“అయ్యో, మీరు ఇంత గొప్పవారని అనుకోలేదండీ!”

నీళ్ళ మోటారు గురించి తప్ప ఏనాడూ పలకరించని మనిషి ‘మీరు’ అనేసరికి కత్తెర కాళ్ళు నేల మీద నిలవలేదు. తేరుకుని దిద్దుకుందామనేలోపు ఆవిడ ఫోను చెవిన పెట్టుకుంది. స్టూడియో యజమాని ఆవిడకు స్వయానా అన్న.

జిప్పు వేయించుకుని వెళ్ళేసరికి స్టూడియో అంతా గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడుతోంది. చేతిలో పెట్టె చూశాక ఎవరికీ అనుమానమే లేదు. “రెండు ముక్కలు మాట్లాడవయ్యా” అన్నాడు యజమాని.

కాదని చెప్పేద్దామనే అనుకున్నాడు. కానీ ఈ చప్పట్లు తమ్ముడికి పడతాయని ఇన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి చచ్చినవాడు, తనకే పడుతుంటే ఎలా ఆపుతాడు?

“నేను రానన్నా వాళ్ళు వదల్లేదండీ. నేరుగా మూడో సంవత్సరంలో కూర్చోమని ఒకటే గొడవ!”

యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. “సినిమా నీకే ఇద్దామనుకున్నానయ్యా. ఏం చేస్తాం, నువ్వేమో వెళ్ళిపోతున్నావు. నీ దగ్గర పని నేర్చుకున్నవాడు కదాని మీ తమ్ముడికి ఫోన్ చేసి ఖాయం చేసేశా.”

కత్తెర యజమాని చెయ్యి పట్టుకున్నాడు. “సార్, అమెరికాదేముంది! సినిమా కోసం మానేస్తాను!”

“విన్నారా! మన మీద ఎంత ప్రేమో!” యజమాని గట్టిగా కౌగలించుకున్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. “పిచ్చివాడా, నీ జీవితం నేను పాడుచేస్తానా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. మా చెల్లెలు గది కూడా వేరేవాళ్ళకి ఇచ్చేసింది. నీకు ఆ బెంగా లేదు.”

అంతలో తమ్ముడు పరుగెత్తుకొచ్చి అన్నను పక్కకు లాగాడు. “అన్నా, నువ్వు కూడా అప్లై చేశావా? ఒక్క మాటైనా చెప్పలేదే!” వాడి మొహం వెలిగిపోతోంది. అందులో అసూయ అన్నది మచ్చుకైనా లేదు. కత్తెరకు దానికే ఎక్కువ ఒళ్ళు మండింది.

“నా సంగతి తర్వాత. నువ్వు వెళ్ళిపోతూ సినిమా ఎందుకు ఒప్పుకున్నావురా?”

“ఇంకెక్కడి వెళ్ళడం! ఇక్కడ చదివినదేదీ అక్కడ చెల్లదట. మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి చదవమని పొద్దున్నే మెయిల్ పెట్టారు. ఏడుస్తూ కూర్చుంటే సార్ ఫోన్! నువ్వు వెళ్తున్నావు కాబట్టే కదన్నా నాకీ సినిమా. జన్మలో మర్చిపోను.”

కత్తెర లెక్క చూసుకున్నాడు. ఉద్యోగం పోయింది, గది పోయింది, సినిమా తమ్ముడి పాలైంది. చివరికి సిగ్గు చంపుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“ఒరేయ్, నీకు అసిస్టెంటు ఎవరైనా కావాలా?”

తమ్ముడు అన్న మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడగకుండా, లోపలికి తీసుకెళ్ళి ఎడిటింగ్ టేబుల్ ముందు తన కుర్చీ పక్కన మరో కుర్చీ వేశాడు.

అమెరికా వెళ్ళి అంత త్వరగా తిరిగొచ్చినవాణ్ణి ఆ స్టూడియో వీధి అంతకుముందు ఎరగదు.