యుద్ధం ఆటలో మోగిన సైరన్

కంప్యూటర్‌లో యుద్ధం ఆటలు పిల్లల్ని పాడుచేస్తున్నాయని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బోధన్‌లో ఇంకా పాడుచేయడానికి మిగిలిన పోరగాళ్లు ఎందరు? ఆ ఆటలు మనకు దొరికిన వరం! అవి నానాటికీ అసలు యుద్ధంలా తయారవడం ఇంకా పెద్ద వరం!

పాత ఆటలు గుర్తున్నాయా? సిపాయి అగ్గిపెట్టెంత ఉండేవాడు. టిక్కుటిక్కుమని కాల్చేవాడు. శత్రువు చావగానే మాయమైపోయేవాడు. ఇప్పుడు చూడండి! గోడకు గుండు తగిలితే సున్నం రాలుతుంది. బూటు బురదలో పడితే ఒక చప్పుడు, బండమీద పడితే ఇంకో చప్పుడు. పరుగెత్తితే సిపాయికి ఆయాసం కూడా వస్తుంది.

మా బావమరిది రాజారాం డిగ్రీ పాసై, ఉద్యోగం వచ్చేదాకా అంటూ బస్టాండ్ దగ్గర జాఫర్ నడిపే గేమ్ సెంటర్‌లో కూర్చున్నాడు. ఇంట్లో బిందె లేపమంటే నడుము పట్టేస్తుంది. అక్కడ మాత్రం గాయపడ్డ కెప్టెన్‌ను భుజాన వేసుకుని నది దాటిస్తాడు! ఏ కాలేజీ నేర్పింది ఈ సేవాభావం? మా అత్తగారు సుమిత్రమ్మ అన్నానికి పిలవడానికి వెళ్తే, "సప్పుడు జెయ్యకే అవ్వా, పైన స్నైపరున్నడు!" అన్నాడట. తల్లి ప్రాణం మీద ఎంత ప్రేమ!

ఈ రియలిజం మహిమను పోయిన వారం మా వీధంతా కళ్లారా చూసింది. జాఫర్ హైదరాబాద్ నుంచి కొత్త ఆటనూ, బీరువాలంత స్పీకర్లనూ తెచ్చాడు. పట్టపగలు ఆటలో శత్రు విమానాలు వచ్చాయి. సైరన్ మోగింది. ఎట్లా మోగిందనుకున్నారు? అచ్చం మా పొలిమేరలోని చిన్న చక్కెర మిల్లు సైరన్ లాగే!

ఆ మిల్లు మూతపడి ఏళ్లయింది. అందులో బాయిలర్ దగ్గర పనిచేసిన ఆత్మారాం మా ఎదురింట్లోనే ఉంటాడు. భార్య అంజవ్వ చాట ముందు కూర్చుని బీడీలు చేస్తుంటే, ఆయన ఆకు కత్తిరించి ఇస్తుంటాడు. సైరన్ వినగానే కత్తెర పడేసి, దండెం మీది ఖాకీ చొక్కా అందుకున్నాడు.

"ఏడికి?" అంది అంజవ్వ.

"ఇనవడ్తలేదా? మిల్లు పిలుస్తున్నది! సద్ది గట్టు!"

ఆమె చేతికంటిన తంబాకు కడుక్కుని, అటక మీది టిఫిన్ డబ్బా దించి తుడిచి ఆయన చేతికిచ్చింది. వీధి మలుపు తిరిగేసరికి ఇంకొన్ని ఖాకీ చొక్కాలు కలిశాయి. తమాషా చూద్దామని నేనూ వెనకే నడిచాను. అందరూ జాఫర్ సెంటర్ ముందు ఆగిపోయారు. మోత లోపలి నుంచి వస్తోంది మరి!

"మాఫ్ జెయ్యుండ్రి అన్నా, గది ఆటల సైరన్," అన్నాడు జాఫర్ తలొంచుకుని.

మిగతావాళ్లు వెనక్కి తిరిగారు. ఆత్మారాం తిరగలేదు. తెర మీద ఒక ఫ్యాక్టరీ, దాని చిమ్నీలోంచి తెల్లటి పొగ. రాజారాం దాని గోడకు బాంబు అంటిస్తున్నాడు.

"ఆగు రాజారాం! పొగ వస్తున్నది సూడు! లోపల డ్యూటీల మనుషులుంటరు!"

"గది దుష్మన్లది, అన్నా."

"ఎవనిదైతేంది? నడుస్తున్నది గద!"

రాజారాం మీట నొక్కేశాడు. చిమ్నీ ఒరిగింది. ఆత్మారాం డబ్బాను గుండెకు అదుముకుని కళ్లు మూసుకున్నాడు. రియలిజం అంటే అదండీ!

అయితే ఆట తయారుచేసిన కంపెనీవారికి నాదొక ఫిర్యాదు. ఆ పేలుడులో రాజారాం కూడా చచ్చాడు. ఆట మళ్లీ మొదలుపెట్టగానే కూలిన ఫ్యాక్టరీ లేచి నిలబడి, పొగ వదలడం మొదలుపెట్టింది! ఇదేం రియలిజం? అనుమానముంటే మా దగ్గరికొచ్చి చూసుకోండి. ఒక్క విమానం రాకుండా, ఒక్క గుండు పేలకుండా పడిపోయింది మా మిల్లు. దాన్ని లేపే మీట ఎక్కడుందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఈ తప్పు దిద్దండి, కానీ కాస్త ఆలస్యంగా దిద్దండి. ఆత్మారాం ఇప్పుడు రోజూ సెంటర్‌కు వస్తున్నాడు. పొగ వస్తున్నంతసేపు తెర ముందు నిలబడతాడు. రాజారాం బాంబు బయటికి తీయగానే ఆకు కత్తిరించడానికి ఇంటికి వెళ్లిపోతాడు.